ఫోనుకు చెవులొచ్చిన కార్తీకం

మా అమ్మ రామసుబ్బమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. చెవులు వినపడక పన్నెండేళ్లయింది. బెళుగుప్పలో మా కిరాణా అంగడి ముందరి అరుగు మీద కూర్చుని, పొద్దస్తమానం పత్తి వత్తులు చేసుకుంటూ ఉంటుంది. ఆమెకు వినబడాలంటే అరవాలి. వినబడకూడదంటే మామూలుగా మాట్లాడితే చాలు. ఈ పద్ధతికి మా ఇల్లు బాగా అలవాటు పడిపోయింది. ఆమె గురించి ఆమె ఎదురుగానే మాట్లాడుకునేవాళ్లం. ఆమె నొచ్చుకున్నది లేదు కాబట్టి అందులో తప్పున్నట్టు ఎవరికీ తోచలేదు.

ఈ ఏడు దసరా సెలవులకు మా అమ్మాయి హరిత అనంతపురం నుంచి వచ్చింది. అక్కడ ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. వచ్చిన రెండోనాడు నా పాత ఫోను తుడిచి, ఏవో నొక్కి, తెచ్చి అవ్వ ఒళ్లో పెట్టింది.

"ఏం యాప్ ఎక్కించినావమ్మా?" అని అడిగాను.

"నేనేం ఎక్కించలేదు నాయనా. మొదటి నుంచీ దీంట్లోనే ఉండాది. చెవులు, కండ్లు సరిగా లేనోళ్ల కోసమని సెట్టింగ్స్‌లో ఒక మూల పెట్టింటారు. ఆ మూలకు ఎవరూ పోరు."

ఎదుటివాళ్లు మాట్లాడితే ఆ మాట తెలుగు అక్షరాల్లో తెర మీద పడుతుంది. అమ్మ అయిదో తరగతి దాకా చదివింది. అక్షరాలు వేలి మందాన పెట్టింది హరిత. అందరం చుట్టూ నిలబడ్డాం. మొదటి మాట భగవంతుడి పేరు కావాలని నేను గొంతు సవరించుకుంటూ ఉన్నాను. ఈలోగా వంటింటి గడప దగ్గర నుంచి నా భార్య లక్ష్మీప్రసన్న ఎప్పటిలాగే మామూలు గొంతుతో ఒక మాట అనేసింది.

అమ్మ కళ్లద్దాలు పైకి తోసుకుని ఒక్కో మాటా చదివింది. "ఇంక... ఈమెకి... ఇదొకటే... తక్కువైంది."

చదివి తలెత్తింది. ఎవరు మాట్లాడారో ఫోను రాయదు. రాయాల్సిన అవసరమూ లేకపోయింది.

"తక్కువైందని తెచ్చిచ్చినారు లేమ్మా, కోడలా," అంది అమ్మ.

ఆ తర్వాత పది రోజులు మా ఇంట్లో ఉన్నంత మర్యాద నేను గుడిలో కూడా చూడలేదు. అమ్మ ఫోనును పమిటచెంగులో కట్టుకుని గది గదికీ తిరిగేది. మాటలే కాదు, శబ్దాలు కూడా కింద చిన్న అక్షరాలతో వచ్చేవి. కుక్క అరుపు అని, నీళ్ల చప్పుడు అని. ఎవరైనా తన పేరు పలికితే ఫోను వణికేటట్టు కూడా పెట్టింది హరిత. మొదటి రోజుల్లో అది వణుకుతూనే ఉండేది. తర్వాత తగ్గింది. ఇంట్లో ఆమె పేరు ఎత్తడమే మానేశాం.

హరిత నాకూ కొన్ని చూపించింది. సరుకుల పొట్లాల మీద చీమకాళ్లంత తేదీలు చదవడానికి కెమెరానే భూతద్దంగా మార్చుకోవచ్చంట. తప్పు పడిన ఒక్క అక్షరం దిద్దడానికి ఇన్నేళ్లూ నేను మాట మొత్తం చెరిపేవాణ్ని. ఖాళీ ఇచ్చే మీట మీద వేలు అటూ ఇటూ జరిపితే చాలంట, ఆ అక్షరం దగ్గరికే పోతుంది. ఒకసారి రాసిపెడితే రోజూ అదే వేళకు మెసేజి దానంతటదే పోయే ఏర్పాటూ ఉందంట. ఇవన్నీ ఆరేళ్లుగా నా జేబులోనే ఉన్నాయి. ఇచ్చినవాడు ఇచ్చాడు, యాడ పెట్టినాడో చెప్పలేదు. దేవుడి వ్యవహారమూ ఇట్లాంటిదేనేమో అని నాకు అనిపించింది గానీ, అంగట్లో జనం ఉండటంతో అంతకంటే ముందుకు ఆలోచించలేదు.

అసలు సంగతి అమ్మ వత్తులది. ఆమె లక్షవత్తుల నోము పట్టి నాలుగేళ్లయింది. మా దగ్గర వానలు పడని ఏళ్లే ఎక్కువ. అయినా పత్తి మాత్రం ఎక్కడినుంచో దొరికేది. నూరు వత్తులొక కట్ట, అట్లాంటి వెయ్యి కట్టలు. ఈ కార్తీక పౌర్ణమికి ప్రదోష వేళ అవన్నీ నేతిలో తడిపి వెలిగించి, ఉద్యాపన చేసుకోవాలి. పోయినేడు నెల ముందర జబ్బుపడి ఆగింది. అంతకు ముందేడు దాయాదుల్లో ఒక పురుడు మైల అడ్డం వచ్చింది. ఈసారి కాకపోతే మళ్లీ ఏడాది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషికి మళ్లీ ఏడాది అని నోటితో అనడానికి ఎవరికీ ధైర్యం లేదు.

పౌర్ణమికి పన్నెండు రోజులుందనగా మడకశిర నుంచి మా తమ్ముడు వంశీకృష్ణ ఫోను చేశాడు. చిన్నాయన కొడుకు. "నారాయణన్నా, మా నాయన అన్నం మానేసినాడు. నీళ్లు మాత్రం తాగుతాండాడు. డాక్టరు ఇంటికి తీస్కపొమ్మన్నాడు."

మా ఓబుళేసు చిన్నాయనకు ఎనభై రెండు. మా నాయనకు స్వయానా తమ్ముడు. ఆయన పోతే మా ఇంటికి మైల. మైల వస్తే నోము లేదు.

నేను పురోహితుడి దగ్గరికి పోయాను. వెళ్లిన పని చెప్పడానికి నోరు రాక, "అయ్యవారూ, మైల అనేది ఎప్పటి నుంచి పడుతుంది?" అని ఊరికే అడిగినట్టు అడిగాను.

ఆయనకు నా సంగతి అర్థమైంది. "విన్నప్పటి నుంచి శెట్టీ. మనిషి పోయిన సంగతి చెవిన పడితేనే మైల. పడకపోతే లేదు. వెనకటి కాలంలో కబురు రావడానికే పక్షం పట్టేది కదప్పా."

ఇంటికొచ్చి ఈ మాట చెప్పాను, అంగడి వెనక గోదాములో, తలుపు మూసి. అమ్మ ఫోను అరుగు మీద ఉంది.

"అంటే వినకపోతే చాలు కదండీ," అంది లక్ష్మీప్రసన్న.

"అట్లనే అన్నాడు."

"వినకుండా ఉండేది ఎట్ల? వంశీ చెప్పకుండా ఉంటాడా?"

సెలవులైపోయి అనంతపురం తిరిగిపోయిన హరితకు ఇద్దరం ఫోను చేశాం. నోము నాటికి వస్తుందనుకున్న పిల్ల ముందే సెలవు పెట్టి వచ్చింది. విన్నది.

"నాయనా, చిన్న తాత బాగుండాలని మొక్కుకోవాల గానీ, మనం వినకుండా ఉండాలనా?"

"రెండూ మొక్కుకుంటాండాను," అన్నాను. అది నిజమే. కదిరి నరసింహస్వామికి రోజూ దండం పెట్టి, చిన్నాయనను పౌర్ణమి దాకా చల్లగా చూడు స్వామీ అని అడుగుతున్నాను. పౌర్ణమి దాకా అని గడువు పెట్టడం సరైనదేనా అని ఒకనాడు దండం మధ్యలోనే సందేహం వచ్చింది. ఇంకొక్క రోజు కలిపి, పాడ్యమి దాకా అన్నాను.

హరిత పని మొదలుపెట్టింది. వంశీకి, వాళ్లింట్లో వాళ్లకు మా ఫోన్లు మోగకుండా పెట్టింది. వాళ్లు చేస్తే చేసినట్టే ఉంటుంది, మాకు మాత్రం కిక్కురుమనదు. తెలియని నంబర్లు ఏవీ మోగవు. మా వంశం వాళ్ల వాట్సప్ గ్రూపును ఒక అరలోకి తోసింది. మెసేజి వస్తే తెర మీద కనబడదు, అర పక్కన ఒక అంకె మాత్రం పెరుగుతుంది.

"చిన్నాయన మంచం మీద ఉంటే మనం పలకరించకపోతే ఏమనుకుంటారు?" అంది లక్ష్మీప్రసన్న.

దానికీ ఉపాయం దొరికింది. "చిన్నాయనకు ఎట్లుండాది తమ్ముడూ?" అని నేనే టైపు చేశాను. ఒక్క అక్షరం తప్పు పడితే కొత్తగా నేర్చుకున్న పద్ధతిలో దిద్దుకున్నాను. అది రోజూ పొద్దున ఆరు గంటలకు దానంతటదే వంశీకి పోయేటట్టు పెట్టాం. అడగడం మా ధర్మం. జవాబు వినకపోవడం శాస్త్రం. రెండింటికీ లోటు రాలేదు.

ఇక మిగిలింది అమ్మ ఫోను. అది తీసుకుంటే అనుమానం వస్తుంది. పెట్టుకోనిస్తే ఎవరో ఒకరు నోరు జారితే, తెర మీద వేలి మందాన పడుతుంది. పన్నెండేళ్ల చెవుడు ఒక్క నెల ముందు పోవాలా అని మా ఆవిడ బాధపడింది. ఆఖరికి ఆమె ముందర చిన్నాయన ఊసు ఎత్తకూడదని తీర్మానించాం. అవసరమైతే సైగలు చేసుకునేవాళ్లం. నేను బొటనవేలు పైకెత్తి కనుబొమలు ఎగరేస్తే చిన్నాయన ఉన్నాడా అని. లక్ష్మీప్రసన్న అరచేతులు విప్పితే ఏమో, ఏ కబురూ లేదు అని. చెవులు బాగున్న ముగ్గురం చేతులతో మాట్లాడుకుంటుంటే, చెవిటి మనిషి మధ్యలో కూర్చుని ఖాళీ తెర వైపు చూసేది.

"నెట్టు రావటంలేదా ఏమే హరితా, ఏం పడటంలే," అనేది అమ్మ.

పౌర్ణమికి మూడు రోజులుందనగా తిప్పమ్మ అంగడికి వచ్చింది. మాకు ఎరిగిన మనిషి, శెనక్కాయ చేలల్లో కూలికి పోతుంది. అర కిలో బెల్లం కట్టిస్తూ ఉంటే అడిగింది.

"శెట్టీ, మీ చిన్నాయన బాగుండాడా?"

నేను చప్పున అరుగు వైపు చూశాను. అమ్మ లోపల ఉంది. "ఉండాడు."

"ఎట్ల తెలుసు?"

"లేడని తెలీలేదు కదా."

తిప్పమ్మ బెల్లం పొట్లం కొంగులో వేసుకుంది. "పెద్దోళ్లకు అన్నీ ఉంటాయప్పా. మా ఇంట్లో ఎవురన్నా పోతే ఊరంతా వినేతట్టు ఏడుస్తాం. తానం చేసి మర్నాడు పనికి పోతాం. వినకుండా ఉండేకి మాకు యాడ కుదురుతాది?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. అప్పటికి అర పక్కన అంకె నలభై ఒకటి. అన్ని మెసేజిలు ఊరికే వస్తాయా? ఆ అంకెను చూడటం విన్నట్టు అవుతుందా కాదా అని అయ్యవారిని అడుగుదామనుకున్నాను. అడిగితే ఏం చెబుతాడో అని అడగలేదు. నరసింహస్వామి పటం ముందు నిలబడితే మాత్రం, ఈయనకు సైలెంటులో పెట్టిన సంగతి తెలీదా అనిపించింది. తెలిసి కూడా ఏమీ అనలేదంటే ఒప్పుకున్నట్టేనని సర్దుకున్నాను.

పౌర్ణమి నాడు అంగడి మూసేశాం. ఇంటి ముందర షామియానా వేయించాం. ముత్తయిదువలు సాయంత్రం నాలుగు గంటలకే వచ్చేశారు. లోపల మండపం, ముందర పెద్ద ఇత్తడి మూకుడులో వత్తుల గుట్ట. నెయ్యి డబ్బా మూత ఇంకా తీయలేదు. అమ్మ పొద్దున్నుంచి ఉపవాసం. పసుపు పచ్చ చీర కట్టుకుని, పీట మీద కూర్చుని, మంత్రాలు చదువుకోవచ్చని ఫోను ఒళ్లో పెట్టుకుంది. ఎట్లాగో గట్టున పడ్డాం అని లక్ష్మీప్రసన్న నాకు సైగ చేసింది. దానికి ముందుగా అనుకున్న సైగ లేదు గానీ నాకు అర్థమైంది.

అప్పుడు వీధిలో ఒక బొలేరో ఆగింది. తలుపులు తెరుచుకోకముందే ఏడుపులు వినబడ్డాయి.

వంశీ భార్య జ్యోతిలక్ష్మి, వాళ్ల ఆడబిడ్డలు ఇద్దరు, జుట్టు విరబోసుకుని గుండెలు బాదుకుంటూ దిగారు. అయిపోయింది, నాలుగేళ్ల నోము గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది అనుకున్నాను. చెవులు మూసుకోవడానికి చేతులు పైకి లేచాయి కూడా. ఇంతమంది ముందర ఎట్లా మూసుకోను? చేతులు జోడించి నిలబడ్డాను.

"అయ్యో రామసుబ్బమ్మత్తా," అంటూ జ్యోతిలక్ష్మి షామియానా కిందికి వచ్చేసింది. "ఒక మాటన్నా చెప్పకుండా పోతివా అత్తా. మాకు చూపు కూడా దక్కకపాయ కదత్తా."

అమ్మ ఒళ్లో ఫోను వణికింది. ఆమె కళ్లద్దాలు సర్దుకుని తెర దగ్గరగా పెట్టుకుంది. కింద చిన్న అక్షరాలతో ఏడుపు అని పడింది. పైన వేలి మందాన మిగిలినదంతా పడుతూ వచ్చింది. అమ్మ తన మీది శోకాలను మొదటి నుంచి చివరి దాకా, ఒక్క మాటా వదలకుండా చదివింది.

చదివి, తల తిప్పి, "నేను యాడికీ పోలేదు జ్యోతీ. లోపలికి రా, ముందు జుట్టు ముడేసుకో," అంది.

జ్యోతిలక్ష్మి అరిచిన అరుపు ఫోను ఏమని రాసిందో నేను చూడలేదు.

డ్రైవరు సీట్లో నుంచి వంశీ దిగి వచ్చాడు. భుజాన తడి తువ్వాలు. పెద్దమ్మను చూశాడు, షామియానాను చూశాడు, నన్ను చూశాడు.

"ఏమప్పా అన్నా, నువ్వు మనిషివేనా?"

"ఏమైంది తమ్ముడూ?"

"ఏమైందా? తొమ్మిది దినాల్నుంచి ఫోన్ చేస్తాండా. ఎత్తవు. వదిన ఎత్తదు. పాప ఎత్తదు. పొద్దున ఆరు కొట్టేతలికి మాత్రం మెసేజి వస్తాది, చిన్నాయనకు ఎట్లుండాదని. ఆరుంబావుకు చేస్తే ఎత్తవు. చేతిలో ఫోన్ పెట్టుకొని ఎత్తలేదంటే ఏమనుకోవాల? ఈ పొద్దు మీ ఊరి లారీ డ్రైవరు టీ బంకు కాడ కనపడినాడు. శెట్టి అంగడి మూసినారు, ఇంటి ముందర షామియానా వేస్తాండారు అన్నాడు. నోమైతే మమ్మల్ని పిలుస్తారు గదా, పెద్దమ్మ పోయింది, మా నాయన మంచం మీద ఉన్నాడు గదా అని దాస్తాండారు అనుకొంటిమి. తలకు పోసుకొని వచ్చినాము."

"మరి చిన్నాయన?"

"నాయనకేం? అయిదు దినాలాయ, గంజి తాగుతాండాడు. ఆ సంగతి చెప్పాలనే చేస్తాండా. గ్రూపులో ఫోటో కూడా పెడితి గదా. చూసుకోలేదా?"

నా జేబులో అంకె డెబ్బై మూడు. అందులో ఉన్నది గంజి తాగుతున్న చిన్నాయన.

హరిత నేల చూపులు చూస్తోంది. లక్ష్మీప్రసన్న నాకు చేయబోయిన సైగను మధ్యలో ఆపేసింది. అమ్మ ఒళ్లో ఫోను వంశీ మాటలన్నీ రాస్తూనే ఉంది. ఆమె వేలితో తెరను పైకి జరిపి, తప్పిపోయినది మళ్లీ చదువుకుంది. నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

నేను అయ్యవారి దగ్గరికి పోయి, శుభకార్యం ముందర ఈ ఏడుపులు దోషమా అని అడిగాను.

ఆయన నవ్వు ఆపుకుంటూ, "దోషమేముంది శెట్టీ. కాకి నెత్తిన తన్నితే మనమే అబద్ధం చావు కబురు పంపించి చుట్టాలను ఏడిపిస్తాం. ఏడిస్తే ఆయుష్షు పెరుగుతాదని. మీకు కాకి లేకుండానే పని అయింది. ఎవరూ పోలేదు, మైల లేదు. ఇంకో అరగంటలో ప్రదోషం. కూర్చోమను అమ్మను," అన్నాడు.

పీట మీద అమ్మ లేదు. బొలేరో దగ్గర ఉంది.

వెనక సీటులో దిండ్ల మధ్య ఓబుళేసు చిన్నాయన పడుకుని ఉన్నాడు. వదిన పోయిందని విన్నాక, ఆమె మొహం చూడందే గంజి కూడా ముట్టనని మొండికేస్తే, మోసుకొచ్చి పడుకోబెట్టారంట. కళ్యాణదుర్గం మీద మూడు గంటల ప్రయాణం. గొంతు పూర్తిగా పోయింది. పెదవులు కదులుతున్నాయి గానీ పక్కనున్న నాకే వినబడలేదు. అమ్మ ఫోనును ఆయన నోటి దగ్గర, కళ్లకు మందు వేసేటంత దగ్గరగా పెట్టింది. మాట మాటకూ ఆగి ఆగి అక్షరాలు వచ్చాయి. ఆమె భుజం మీదుగా నేనూ చదివాను.

"వదినా. నోము అయిందా. నా వల్ల నీ నోము ఆగకూడదని పట్టుకోనుండా. అయిందంటే చెప్పు. పోతా."

అమ్మ ఒకసారి చదివింది. కళ్లద్దాలు తీసి చెంగుతో తుడుచుకుని ఇంకోసారి చదివింది. వినపడని మనిషి మాట ఎప్పుడూ పెద్దదే. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా వినబడింది.

"యాడయింది? కాలేదు."

చిన్నాయన కళ్లు షామియానా వైపు తిరిగాయి.

"అది ఊరికే పిల్లోళ్లు వేసినారు. వత్తులు తక్కువ పడినాయి. వచ్చే కార్తీకానికి పెట్టుకుంటాండా. అందాకా పట్టుకోనుండు. ఇంత పట్టుకొన్నోడివి, ఒక ఏడాది పెద్ద లెక్క కాదు."

వత్తులు తక్కువ పడలేదు. పోయిన వారమే మేమంతా కూర్చుని కట్టలు లెక్కపెట్టాం. నేను నోరు తెరిచాను. అమ్మ నా వైపు చూసిన చూపుకు మూసుకున్నాను.

అయ్యవారు పరుగున వచ్చాడు. "అమ్మా, ప్రదోషం దాటిపోతాది. పట్టిన నోము, అడ్డం ఏమీ లేకుండా ఆపకూడదు." ఆయన అన్నదంతా ఫోను రాసింది. అమ్మ తెర వైపు చూడలేదు. చూడకపోతే వినబడనట్టే కదా, మేమే నేర్పించాం.

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వన్నా చెప్పు శెట్టీ. మైల వస్తే ఆపమని శాస్త్రంలో ఉండాది. మరిది బతికుండాడని నోము ఆపమని నేను యాడా చదవలేదు."

నేనూ చదవలేదు. నేను చదివింది తక్కువ. పన్నెండు రోజులు నరసింహస్వామిని అడిగీ అడిగీ నేను తెచ్చుకున్న గడువు పాడ్యమి దాకా. అమ్మ సంవత్సరం అడిగింది. అదీ స్వామిని కాదు, నేరుగా ఆ మనిషినే. వ్రతభంగం అంటే ఏదో నాకు ఇంతకు ముందు బాగా తెలుసు. ఇప్పుడు తెలీదు.

చిన్నాయన పెదవులు మళ్లీ కదిలాయి. అమ్మ ఫోను దగ్గర పెట్టింది. మజ్జిగ అని పడింది. లక్ష్మీప్రసన్న లోపలికి పరుగెత్తింది.

"నారాయణా," అంది అమ్మ. "వచ్చినోళ్లందరికీ అన్నాలు పెట్టించు, వండింది చెడిపోతాది. వత్తులు ఆ పెద్ద స్టీలు డబ్బాలోకి ఎత్తి, కర్పూరం వేసి, మూత గట్టిగా పెట్టు. ఏడాది ఉండాల, ఎలుకలు కొట్టకుండా."

నేను వత్తులు ఎత్తడానికి లోపలికి పోయాను.